చిన్నకాళ్ళ వేగం

ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినా ఒక మూల పిల్లల సైకిళ్ళు కనిపిస్తాయి. కార్ల వెనక, నీళ్ళ మోటారు పక్కన, ఒకదాని మీద ఒకటి ఒరిగి, టైర్లలో గాలి దిగిపోయి, సీటు మీద వేలితో పేరు రాయగలిగేంత దుమ్ము పట్టి ఉంటాయి. పుట్టినరోజుకో, పరీక్షల్లో మంచి మార్కులు వచ్చినందుకో ముచ్చటపడి కొన్నవే అన్నీ. వాటిలో చాలావాటి ప్రయాణం గేటు లోపల మొదలై గేటు లోపలే ముగిసింది. పిల్లవాడు పెరిగాడు, సైకిలు పొట్టిదైపోయింది, సెల్లార్‌లోకి చేరింది. ఇందులో బాధపడాల్సింది ఏముంది, బొమ్మలు కూడా అంతే కదా అని ఎవరైనా అడగవచ్చు. కానీ సైకిలు ఎక్కడికైనా వెళ్ళడానికి తయారైన వస్తువు. పిల్లలకు వాహనం కొనిపెట్టాం గానీ వెళ్ళడానికి చోటు ఇవ్వలేదన్న ఆలోచన ఒకసారి పట్టుకుంటే వదలదు. ఇంతే వయసు పిల్లలు అమ్మానాన్నలతో కలిసి దేశానికి ఈ కొస నుంచి ఆ కొస దాకా సైకిళ్ళ మీద వెళ్ళిన కుటుంబాలు కూడా ఈ లోకంలో ఉన్నాయి. వాళ్ళ గురించి చదివినప్పుడు మొదట ఆశ్చర్యం కలుగుతుంది, తర్వాత అనుమానం. ఎందుకు వెళ్ళినట్టు? ఆరోగ్యం కోసమైతే ఊళ్ళోనే తొక్కుకోవచ్చు. దేశం చూడటానికైతే రైళ్ళున్నాయి. సాహసం కోసమైతే పిల్లల్ని ఇంట్లో దిగబెట్టి వెళ్ళడమే తేలిక. ఈ మూడూ సరిపోవనిపించాక మిగిలే జవాబు ఒకటుంది. అలాంటి ప్రయాణంలో ఇంటిల్లిపాదీ, అందరికంటే బలహీనంగా ఉన్న మనిషి వేగంతోనే వెళ్ళాలి. ఇంకెలాగూ వెళ్ళలేరు. ఆ ప్రయాణం ఇచ్చే విలువంతా ఈ కట్టుబాటులోనే ఉందని నా నమ్మకం. దాన్ని ఇక్కడ కొంచెం ఓపిగ్గా పరిశీలించాలనిపిస్తోంది.

ఉదాహరణకు అమెరికానే తీసుకుందాం. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండు వందల ఏళ్ళు నిండిన 1976లో, బైక్‌సెంటెన్నియల్ అన్న పేరుతో ఒక సామూహిక సైకిలు యాత్ర జరిగింది. అంతకుముందు అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొస దాకా సైకిళ్ళ మీద బయల్దేరిన రెండు యువ జంటల మెదళ్ళలో పుట్టిన ఆలోచన అది. ఆ వేసవిలో నాలుగు వేల మందికి పైగా రోడ్డెక్కారు. పసిఫిక్ ఒడ్డున ఉన్న ఆరెగాన్ రాష్ట్రం నుంచి అట్లాంటిక్ వైపున వర్జీనియాలోని యార్క్‌టౌన్ దాకా, పది రాష్ట్రాల గుండా, నాలుగు వేల రెండు వందల మైళ్ళకు పైబడిన దారి. దీనికోసం కొత్తగా రోడ్డేమీ వెయ్యలేదు. పెద్ద హైవేలను వీలైనంత వరకు తప్పించి, లారీలు తక్కువగా తిరిగే పాత రోడ్లను, చిన్న ఊళ్ళను కలుపుకుంటూ మ్యాపులు గీశారు. ట్రాన్స్ అమెరికా ట్రెయిల్ అని పిలిచే ఆ దారిలో ఇప్పటికీ ఏటా సైకిళ్ళు వెళుతూనే ఉన్నాయి, వాటిలో పిల్లలున్న కుటుంబాలవీ ఉంటాయి. కొలరాడోలో పదకొండున్నర వేల అడుగుల ఎత్తున్న హూసియర్ కనుమ ఎక్కాలి. కాన్సస్ మైదానంలో చెట్టు అడ్డం లేని ఎదురుగాలిలో రోజుల తరబడి తొక్కాలి. మిస్సోరీలో ఓజార్క్ కొండల దగ్గర ఎక్కిన మిట్ట దిగీ దిగకముందే ఇంకో మిట్ట వస్తుంది. కెంటకీలో ఇళ్ళ ముందు నుంచి కుక్కలు వెంటపడతాయి. బలమున్న పెద్దవాళ్ళకు ఈ దారి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. పదేళ్ళ పిల్లలతో రోజుకు ముప్ఫై అయిదు మైళ్ళ చొప్పున వెళితే, ఒక్కరోజు కూడా ఆగకుండా లెక్కేసినా, నాలుగు నెలలు. ఇదే దేశాన్ని కారులో అయిదారు రోజుల్లో దాటెయ్యవచ్చు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు చాలా వేసవి సెలవుల్లో చేసేది కూడా ఆ కారు ప్రయాణమే.

మిగిలిన నాలుగు నెలలూ ఎక్కడికి పోయినట్టు? లెక్క అక్కడ మొదలవుతుంది. కారులో కుటుంబం వేగాన్ని ఇంజను నిర్ణయిస్తుంది. వెనక సీటులో కూర్చున్న పిల్లవాడు నిద్రపోయినా, ఫోను చూసినా, అలిగినా, కారు గంటకు డెబ్భై మైళ్ళ వేగంతో పోతూనే ఉంటుంది. వాడి అలుపుకూ ప్రయాణానికీ సంబంధం లేదు. మనం ప్రేమగానే వాణ్ణి అందులో కూర్చోబెట్టాం, బెల్టు పెట్టాం, చేతికి తినడానికి ఇచ్చాం. అయినా ఆ ప్రయాణంలో వాడి స్థానం డిక్కీలో ఉన్న సూట్‌కేసు స్థానానికి ఎంత దూరం? ఇది కటువైన మాటేనని తెలుసు. కానీ పిల్లల్ని ప్రేమించడం, పిల్లల్ని లెక్కలోకి తీసుకోవడం రెండూ ఒకటేనా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. సైకిలు మీద వాడు తొక్కితేనే కుటుంబం కదులుతుంది. వాడు ఆగితే అందరూ ఆగాలి. సాయంత్రానికి ఏ ఊరు చేరతామన్నది తండ్రి పట్టుదల మీద కంటే వాడి మోకాళ్ళ మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. కాబట్టి పొద్దున్నే మ్యాపు పరిచినప్పుడు వాణ్ణి అడగక తప్పదు. ఆ అడగడం మర్యాద కోసమో, పిల్లల పెంపకం పుస్తకంలో రాశారనో చేసేది కాదు. వాడి జవాబు లేకుండా ఆ రోజు ప్రణాళికే తయారు కాదు.

ఇలాంటి కుటుంబాలు రోడ్డు మీద వరుస కట్టే తీరు చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ముందు ఒక పెద్ద, మధ్యలో పిల్లలు, చివర ఇంకో పెద్ద. ముందున్నవాళ్ళ పని గాలిని అడ్డుకోవడం. వాళ్ళ వెనక తొక్కే పిల్లవాడికి ఎదురుగాలి దెబ్బ తగ్గుతుంది. కానీ ముందున్నవాళ్ళు కాస్త తొందరపడితే మధ్యలో ఖాళీ పెరుగుతుంది, గాలి మళ్ళీ పిల్లవాడి మొహాన కొడుతుంది, చేసిన సాయమంతా వృథా. కాబట్టి ఎంత బలం ఉన్నా దాన్ని పట్టి ఉంచుకుని, మాటిమాటికీ అద్దంలోనో తల తిప్పో చూసుకుంటూ తొక్కాలి. చివర ఉన్నవాళ్ళకు పిల్లల వీపులు కనిపిస్తూ ఉంటాయి. భుజాలు అటూఇటూ ఊగుతున్నాయంటే అలిసిపోయారని, చక్రం తెల్లగీత వైపు జారుతోందంటే ధ్యాస తప్పిందని తెలుస్తుంది. ఇద్దరు తొక్కే జంట సైకిలు ఇంకా నిక్కచ్చి. ముందు సీటు పెడళ్ళనూ వెనక సీటు పెడళ్ళనూ ఒక చైను కలిపి ఉంచుతుంది. తండ్రి పాదం ఎంత వేగంగా తిరిగితే వెనక కూర్చున్న కూతురి పాదం అంతే వేగంగా తిరగాలి. ఆమె పొట్టికాళ్ళకు అందేలా వెనక పెడళ్ళను ఎత్తుగా బిగిస్తారు, వాటి చేతులు కురచవి వేస్తారు. అయినా తండ్రి తన అలవాటు ప్రకారం తొక్కితే ఆమె పాదాలు పెడళ్ళ మీద నిలవవు. ఇద్దరికీ కుదిరే లయ ఒకటి వెతుక్కోవాలి. ఆపేముందు చెప్పాలి, గేరు మార్చేముందు చెప్పాలి, గుంత వస్తే చెప్పాలి. వెనక ఉన్న మనిషికి ముందు రోడ్డు కనపడదు గనక చెప్పడం ముందున్న మనిషి బాధ్యత. కుటుంబంలో మాట్లాడుకోవడం తగ్గిపోతోందని వాపోయే కాలంలో, మాట్లాడుకోకపోతే ముందుకు కదలని ఒక బండి ఉందన్న సంగతి కొంత ఆలోచించదగ్గదే.

బలమున్నవాళ్ళు ఇలా ఆగి ఆగి వెళ్ళడం వల్ల నష్టపోయేది ఎంత? ఊహించినంత ఏమీ లేదని భౌతికశాస్త్రమే చెబుతుంది. గాలిని చీల్చుకుని వెళ్ళడానికి కావలసిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. గంటకు పది మైళ్ళ వేగాన్ని పదిహేను చేసుకోవాలంటే, గాలి ఒక్కదానికే మూడు రెట్లకు మించిన శక్తి ధారపొయ్యాలి. సగం వేగం అదనంగా రావడానికి అంత మూల్యం. అదే తక్కువ వేగంలో సైకిలు అద్భుతమైన యంత్రం. ఎస్. ఎస్. విల్సన్ 1973లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసంలో, సైకిలు మీద వెళ్ళే మనిషి తన బరువునూ వెళ్ళిన దూరాన్నీ బట్టి ఖర్చు పెట్టే శక్తి జంతువులన్నింటి కంటే, యంత్రాలన్నింటి కంటే తక్కువని లెక్కలు వేసి చూపించాడు. ఆ రోజుల్లోనే ఇవాన్ ఇల్లిచ్ ఇంకో లెక్క ముందు పెట్టాడు. సగటు అమెరికన్ కారు నడపడానికి, దాని ఖర్చులకు సరిపడా సంపాదించడానికి కలిపి ఏడాదికి 1600 గంటలు వెచ్చించి 7500 మైళ్ళు వెళుతున్నాడని, అంటే నికరంగా గంటకు అయిదు మైళ్ళు కూడా దాటడం లేదని. ఆ లెక్కలో కొన్ని పద్దుల గురించి వాదించవచ్చు. నెమ్మదితనమే ఒక గొప్ప గుణమన్నట్టు మాట్లాడటం కూడా నాకు నచ్చదు. అంబులెన్సు వేగంగా రావాలి, ఉత్తరం వేగంగా అందాలి. నిదానంగా వెళ్ళడంలో దానంతట దానికి పుణ్యం లేదు. ఎవరి కోసం నిదానించామన్నదే తేడా తెచ్చిపెడుతుంది.

ఈ తేడాను చూపించే జంట ఒకటి మన దేశపు రోడ్ల మీదే తిరిగింది. ఫానీ బుల్లక్ వర్క్‌మన్, విలియం హంటర్ వర్క్‌మన్ అనే అమెరికన్ దంపతులు 1897 చివర్లో సింహళం మీదుగా వచ్చి, మన ద్వీపకల్పం దక్షిణపు కొస నుంచి హిమాలయాల దాకా సైకిళ్ళ మీద తిరిగారు. 1904లో వాళ్ళు ప్రచురించిన పుస్తకం పేరులోనే పధ్నాలుగు వేల మైళ్ళన్న లెక్క ఉంది. నీళ్ళ కోసం, నీడ కోసం వెతుక్కుంటూ, పంక్చర్లు వేసుకుంటూ, గుడుల ఫోటోలు తీసుకుంటూ చేసిన ఆ ప్రయాణం ఏ లెక్కన చూసినా అసామాన్యమైనది. ఆడవాళ్ళు సైకిలెక్కడమే వింతగా చూసే రోజుల్లో ఫానీ చూపించిన తెగువను తక్కువ చెయ్యలేం. వాళ్ళకు రేచల్ అనే కూతురుంది. ఆ పిల్ల మాత్రం బోర్డింగ్ స్కూల్లో చదువుకుంటూ ఉండిపోయింది. తల్లిదండ్రులు ప్రయాణం చేశారు, కుటుంబం చెయ్యలేదు. దీన్ని తప్పని అనడం నా ఉద్దేశం కాదు. పెద్దవాళ్ళకు తమ బలమంతా వాడుకునే ప్రయాణాలు చేసే హక్కుంది. వంద మైళ్ళు తొక్కగలిగినవాళ్ళు వంద మైళ్ళు తొక్కారు, అంతే. ఇదే దూరం ఒక చిన్నపిల్లతో వెళ్ళి ఉంటే ఆ పుస్తకంలో గుళ్ళూ గోపురాలూ తగ్గేవి, చెట్టు కింద ఆగిన మధ్యాహ్నాలు పెరిగేవి. అది వేరే పుస్తకం అయ్యేది. పర్వతాలు జయించే మనిషి రాసే పుస్తకం ఒకటి, పక్కనున్న మనిషి అలుపును కొలమానంగా పెట్టుకున్నవాళ్ళు రాసేది ఇంకొకటి. మొదటి రకం పుస్తకాలు లోకంలో బోలెడున్నాయి.

రెండో రకానికి ఉదాహరణ కావాలంటే అమెరికాలోని ఐడహో రాష్ట్రానికి చెందిన వోగెల్ కుటుంబాన్ని చెప్పుకోవచ్చు. భార్యాభర్తలిద్దరూ బడిపంతుళ్ళు. పదేళ్ళ కవల కొడుకులతో 2008 జూన్‌లో అలాస్కా ఉత్తరపు కొస నుంచి బయల్దేరి, 2011 మార్చిలో అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషుఆయా చేరారు. పదిహేడు వేల మైళ్ళకు పైనే. ఒక దేశాన్ని కాదు, రెండు ఖండాలను దాటారు. తల్లి నాన్సీ ఆ ప్రయాణం గురించి తర్వాత పుస్తకం రాసింది. దూరం సంగతి పక్కన పెట్టి కాలాన్ని చూడండి. దాదాపు మూడేళ్ళు. బయల్దేరేటప్పుడు పదేళ్ళ పిల్లలు, చేరేటప్పటికి కౌమారంలోకి అడుగుపెట్టారు. సగటు తీస్తే రోజుకు పద్దెనిమిది మైళ్ళు కూడా లేదు. రికార్డుల కోసం ఖండాలు దాటేవాళ్ళు రోజుకు నూట యాభై మైళ్ళు కూడా తొక్కుతారు. ఈ పద్దెనిమిదిలో ఆగిన రోజులు, జ్వరం వచ్చిన రోజులు, పాఠాలు చదివిన రోజులు అన్నీ కలిసి ఉన్నాయి. పిల్లల లెక్క ప్రకారం నడిచిన ప్రయాణం అంకెల్లో చూస్తే ఇలాగే ఉంటుంది.

ఇక్కడ అందరికంటే బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. పదేళ్ళ పిల్లవాడు నిజంగా తనంతట తాను వస్తానన్నాడా, అమ్మానాన్నల కోరికను తన కోరికనుకున్నాడా? పిల్లలు పెద్దవాళ్ళ మొహం చూసి జవాబు చెబుతారు. మనం మన పిల్లల్ని ఐఐటీ కోచింగులో చేర్చేటప్పుడు కూడా వాళ్ళను అడిగామనే చెప్పుకుంటాం. సైకిలు యాత్ర పేరుతో తల్లిదండ్రులు తమ ఆశయాన్ని పిల్లల కాళ్ళ మీద మోపడం లేదని నమ్మకం ఏమిటి? నాకు ఈ ప్రశ్న కొట్టిపారేయదగ్గదిగా అనిపించదు. కానీ దీన్ని తేల్చుకునే పరీక్ష కూడా ఆ వేగంలోనే ఉంది. ముందే చేరవలసిన తేదీ పెట్టుకుని, పేపర్లకు చెప్పి, రికార్డు కోసం దరఖాస్తు పెట్టి బయల్దేరిన కుటుంబంలో వేగాన్ని నిర్ణయించేది ఆ తేదీ. అక్కడ పిల్లవాడు కూడా ఒక పనిముట్టే. మధ్యలో ఆపేద్దామని పిల్లవాడు అన్న రోజున నిజంగా ఆపగలిగే కుటుంబానిదే అసలైన కుటుంబ ప్రయాణం. ఆపడానికి సిద్ధంగా లేని పెద్దలు అడిగే ప్రశ్నకు అర్థం లేదు. ఈ కొలత సైకిళ్ళకే కాదు, కోచింగులకూ పనికొస్తుంది. అయితే ఒక తేడా ఉంది. చదువులో పిల్లవాడు అలిసిపోయాడని మనకు తెలియడానికి ఏళ్ళు పడుతుంది, ఒక్కోసారి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. సైకిలు మీద అలుపు మొదటి మిట్ట దగ్గరే కళ్ళకు కనబడుతుంది. దాన్ని దాచడం పిల్లవాడి వల్ల కాదు, చూడకుండా ఉండటం పెద్దవాళ్ళ వల్ల కాదు.

చదువు పాడవుతుందన్న అభ్యంతరం దీని తర్వాతిది. సైకిలు ప్రయాణాన్ని మెచ్చుకునేవాళ్ళు రోడ్డే పెద్ద బడి అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నేను అంత దూరం వెళ్ళలేను. బీజగణితం రోడ్డు మీద దానంతట అది రాదు, ఎవరో కూర్చోబెట్టి చెప్పాలి, వాడు కూర్చుని చెయ్యాలి. వోగెల్ దంపతులు వృత్తిరీత్యా ఉపాధ్యాయులన్న సంగతి ఇందుకే ముఖ్యమైనది. అందరు తల్లిదండ్రులూ అలా చెప్పలేరు. కానీ రోడ్డు మీద వచ్చే కొన్ని జ్ఞానాలు తరగతి గదిలో రావడం కష్టం. వాలు అంటే ఏమిటో తొడలకు తెలుస్తుంది. మ్యాపులో వేలెడు దూరం ఎండలో ఎంత పొడుగో తెలుస్తుంది. పంక్చరైన ట్యూబును నీళ్ళలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తోందో కనిపెట్టి, చుట్టూ రుద్ది, జిగురు ఆరేదాకా ఓపిక పట్టి అతుకు వేసిన పిల్లకు, పాడైన వస్తువును బాగుచెయ్యవచ్చన్న నమ్మకం కలుగుతుంది. అన్నింటికంటే తాను లేకపోతే ఈ పని జరగదన్న అనుభవం కలుగుతుంది. సైకిలు చదువుకు తోడుపడగలదన్నది ఉత్త మాట కాదు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకం మీద చేసిన అధ్యయనంలో, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య ముప్ఫై శాతానికి పైగా పెరిగినట్టు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య తేడా నలభై శాతం దాకా తగ్గినట్టు తేలింది. ఎవరో దిగబెట్టాల్సిన పిల్ల తనంతట తాను వెళ్ళగలిగితే చదువే నిలబడింది. సైకిలు చదువుకు అడ్డమన్న మాట అన్ని చోట్లా నిలవదు.

ప్రమాదం గురించి ఏమనాలి? ఇక్కడ మాటలతో సర్దిచెప్పడం పాపం. అమెరికాలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన సైకిలిస్టులే 1,105 మంది. మన దేశంలో అదే ఏడాది అన్ని రకాల రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 1,68,491 అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతుంది. దేశమంతటి రోడ్ల పొడవులో రెండు శాతం మాత్రమే ఉన్న జాతీయ రహదారుల మీద మూడో వంతుకు మించిన మరణాలు జరిగాయి. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా వెళ్ళే 44వ నంబరు రహదారి మూడు వేల ఏడు వందల కిలోమీటర్లకు పైబడింది. అది మన ఆదిలాబాదు, నిర్మల్, కామారెడ్డి, హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా పోతుంది. ఒంటరి సైకిలిస్టులు దాని మీద దేశాన్ని దాటుతూనే ఉన్నారు. ఎనిమిదేళ్ళ పిల్లను తీసుకుని ఆ రోడ్డెక్కమని ఎవరికీ చెప్పలేను. అంటే ఈ వాదన ఇక్కడ ఓడిపోయినట్టేనా? కాదనుకుంటాను. ట్రాన్స్ అమెరికా దారిని గీసినవాళ్ళు కూడా పెద్ద హైవేలను వదిలి పాత రోడ్లనే ఎంచుకున్నారు. మనకూ గోదావరి డెల్టాలో కాలవ గట్ల వెంట రోడ్లున్నాయి, ఊరికీ ఊరికీ మధ్య బస్సు గంటకొకసారి తిరిగే తారు రోడ్లున్నాయి. చలికాలంలో తెల్లవారుజామున బయల్దేరి ఎండెక్కేలోపు ఇరవై కిలోమీటర్లు వెళ్ళి, ఆగి, మర్నాడు ఇంకో ఇరవై వెళ్ళవచ్చు. దేశం మొత్తం దాటకపోతే కొంప మునిగేదేమీ లేదు. పైగా ప్రమాదం సైకిలులోంచి రావడం లేదన్న సంగతి మరిచిపోకూడదు. మీద పడేది వేగం. ఆ వేగాన్ని ప్రశ్నించకుండా పిల్లల్ని లోపల పెట్టి గేటు వెయ్యడాన్ని మనం జాగ్రత్త అని పిలుస్తున్నాం.

అపరిచితుల భయం కూడా ఒకటుంది. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో పిల్లల్ని వెంటపెట్టుకుని రాత్రి ఎక్కడ పడుకుంటారు? దీనికి ట్రాన్స్ అమెరికా దారి ఇచ్చే జవాబు మనసుకు ధైర్యం చెబుతుంది. వర్జీనియాలో ఆఫ్టన్ అనే కొండ ఊరుంది. 1976లో ఆ నిటారు మిట్ట ఎక్కి దాహంతో నిలబడిన సైకిలిస్టులకు జూన్ కర్రీ అనే ఆవిడ, ఆవిడ తండ్రి నీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాత ఆవిడ బిస్కెట్లు కాల్చి పెట్టింది. ఆ తర్వాత పక్కనున్న ఇంటిని సైకిలిస్టులు పడుకోవడానికి వదిలేసింది. దారినపోయినవాళ్ళు దేశదేశాల నుంచి పంపిన కార్డులతో ఆ ఇంటి గోడలు నిండిపోయాయి. 2012లో కన్నుమూసేలోపు వేలమందికి ఆవిడ ఆతిథ్యం ఇచ్చింది. కాన్సస్ చిన్న ఊళ్ళలో పార్కులో గుడారం వేసుకోనిస్తారు, కొన్నిచోట్ల చర్చి తలుపులు తీసి పెడతారు. సత్రాలు కట్టించిన, చలివేంద్రాలు పెట్టే నేల మనది. మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. సైకిలు మీద వచ్చే మనిషి చెమటతో, ఆకలితో, అద్దాల అడ్డం లేకుండా వస్తాడు. అతని వెంట ఒక పిల్ల కూడా ఉంటే చూసేవాళ్ళకు అనుమానం కంటే ముందు జాలి, ఆసక్తి కలుగుతాయి. బలహీనుల్ని ముందు పెట్టుకుని వెళ్ళే గుంపుకు లోకం కాస్త దారి ఇస్తుంది. అన్ని వేళలా కాదు, అందరికీ కాదు.

అందరికీ కాదన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. 2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, పదిహేనేళ్ళ బీహారు అమ్మాయి ఒకతె దెబ్బ తగిలి నడవలేని తండ్రిని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా దాదాపు 1200 కిలోమీటర్లు తొక్కింది. అది కూడా ఒక కుటుంబం చేసిన దూరప్రయాణమే. పేపర్లు పొగిడాయి, విదేశాల నుంచి ప్రశంసలు వచ్చాయి, మరుసటి ఏడాది బాలల పురస్కారం వచ్చింది. ఆ పొగడ్తలు చదివినప్పుడు గుండె బరువెక్కుతుంది. ఎందుకంటే ఆమె సాహసం కోసం బయల్దేరలేదు. అద్దె కట్టలేక, తిండి దొరక్క, రైలు లేక బయల్దేరింది. ఇలాంటి బతుకులున్న దేశంలో కావాలని నెలల తరబడి సైకిలు తొక్కడం కడుపు నిండినవాళ్ళ వేడుక కాదా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న. నెలల తరబడి పని మానుకోగలగడం అందరి వల్లా అయ్యేది కాదని ఒప్పుకుని తీరాలి. పైగా మన పల్లెల్లో ఒక తరం కిందటి దాకా ఇంటికి ఒకటే సైకిలు, దాని మీద ముందు కడ్డీ మీద ఒక బిడ్డ, వెనక క్యారియర్ మీద భార్య, ఆవిడ ఒళ్ళో ఇంకో బిడ్డ. దాన్ని ఎవరూ యాత్ర అనలేదు. కానీ దర్భంగా అమ్మాయి ప్రయాణం నా వాదనను కూల్చదు, దాన్ని ఇంకా బిగిస్తుంది. అందరికంటే బలహీనులైనవాళ్ళ కోసం బలమున్నవాళ్ళు ఆగడమే ఈ ప్రయాణాల సారమైతే, ఆ వేసవిలో ఆగవలసింది దేశం. దేశం ఆగలేదు. పదిహేనేళ్ళ పిల్ల కాళ్ళు ఆ లోటును పూడ్చాయి. పిల్లవాడి వేగంతో పెద్దలు వెళ్ళడం ఒక ఎత్తు, పెద్దల భారాన్ని పిల్ల తన వేగంతో లాగవలసి రావడం ఇంకో ఎత్తు. రెండింటినీ ఒకే మెచ్చుకోలు మాటతో కలిపెయ్యడం అన్యాయం.

ఇంకొక ఆలోచన మిగిలింది. పిల్లలు ఎప్పటికీ చిన్నవాళ్ళుగా ఉండరు. పదహారేళ్ళ కొడుకు మిట్ట మీద తండ్రిని దాటేస్తాడు. అప్పుడు వెనకబడేది తండ్రి, కాకపోతే మోకాళ్ళు నొప్పులు మొదలైన తల్లి. అప్పుడు వేగాన్ని నిర్ణయించే స్థానం చేతులు మారుతుంది. పదేళ్ళప్పుడు తన కోసం ఆగినవాళ్ళను చూసిన పిల్లవాడికి, ఇప్పుడు తాను ఆగాలన్న సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను. అనుకోవడమే గానీ దీనికి రుజువులు చూపించలేను. ఏ ఇంట్లో ఎవరు ఎవరి కోసం ఆగుతారన్నది ఏ అధ్యయనానికీ అందేది కాదు. కానీ చదువుల కోసం, ఉద్యోగాల కోసం పిల్లలు ఖండాలు దాటి వెళ్ళిన మన తెలుగు ఇళ్ళలో ఇప్పుడు మిగిలిన ప్రశ్న సరిగ్గా ఇదే. వాళ్ళను మనమే వేగంగా వెళ్ళమన్నాం, వేగంగా వెళ్ళినవాళ్ళనే మెచ్చుకున్నాం. వెనకబడినవాళ్ళ కోసం ఆగడం కూడా నేర్వవలసిన విద్యేనని, దానికి కూడా సాధన కావాలని, ఆ సాధన చిన్నప్పుడే మొదలవ్వాలని చెప్పామా? చెప్పడం కాదు, చూపించామా?

అందుకే కుటుంబం సైకిలు ప్రయాణాన్ని నేను ఒక విహారంగానో విన్యాసంగానో చూడలేను. ఒక ఇంట్లో కుదిరిన ఈ పద్ధతి ఊరికి, దేశానికి ఎందుకు కుదరకూడదన్న ప్రశ్న అది వేస్తుంది. కొలంబియాకు చెందిన గిల్ పెన్యలోసా నగరాల గురించి ఒక కొలత చెబుతూ వచ్చాడు. ఎనిమిదేళ్ళ పిల్లకూ ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళకూ బాగున్న వీధి అందరికీ బాగుంటుందని. మన రోడ్లు దీనికి తలకిందులుగా ఉన్నాయి. అందరికంటే వేగంగా పోయేవాడి అవసరాన్ని బట్టి వెడల్పు, వంపు, కూడలి అన్నీ తయారవుతాయి. నడిచేవాళ్ళు, తొక్కేవాళ్ళు, చెయ్యి పట్టుకుని దాటేవాళ్ళు ఎక్కడైనా సర్దుకోవాలి. ఈ లెక్కను తిరగేసి రోడ్డు వెయ్యడం మనకు చేతకాని పనేమీ కాదు. ఊరి బడి చుట్టూ రెండు కిలోమీటర్ల మేర వాహనాల వేగం తగ్గించడం, కాలవ గట్టు రోడ్డును సైకిళ్ళకు భద్రంగా ఉంచడం, హైవే పక్కన సైకిళ్ళకు విడిగా దారి వదలడం, ఇవన్నీ ఒక ఫ్లైఓవరు ఖర్చులో చిన్న వంతు. కావలసింది ముందుగా ఒక నిర్ణయం, దారి ఎవరి కోసమన్నది తేల్చుకోవడం. పిల్లలతో దేశాలు దాటిన కుటుంబాలు ఆ నిర్ణయాన్ని రోజూ పొద్దున్నే తీసుకుని, సాయంత్రానికి ఏదో ఒక ఊరు చేరి, అది ఆచరణకు వచ్చేదేనని నిరూపించాయి. ఎనిమిదేళ్ళ పిల్ల భయం లేకుండా సైకిలు తొక్కుకుంటూ పక్క ఊరికి వెళ్ళి రాగలిగే రోడ్డు వేసిన రోజున, దేశం దాటడం ఎంత కష్టమో ఆ పిల్లే తేల్చుకుంటుంది. అప్పటిదాకా ఎన్ని లేన్ల రహదారులు వేసినా ఆ రోడ్లు దేశంలో సగం మందివి కావు.